రెండు తీసి రాయి

ఆ వానాకాలం మొత్తంలో మా వదిన మెట్లు దిగింది ఒక్కసారే. దిగకుండా ఆపినవాళ్ళలో నేను మొదటిదాన్ని. దింపినవాళ్ళలో చివరిదాన్ని.

మా ఇంటికి కింద కొట్టు, పైన గది. కొట్లో అన్నయ్య బట్టలు కుట్టేవాడు. పైకి పదమూడు మెట్లు, నిటారుగా, ఒక పక్క గోడ, ఇంకో పక్క పట్టుకోవడానికి ఓ తాడు. అంతకుముందు ఏడాది వదిన ఐదో నెలలో ఆ మెట్లు దిగి బయటికి వెళ్ళొచ్చిన మర్నాడే కడుపు పోయింది. మెట్లకీ దానికీ ఏ సంబంధమూ లేదని డాక్టరు చెప్పాడు. అమ్మ శ్రద్ధగా విని, తలూపి, ఇంటికొచ్చి మెట్లని తిట్టింది. ఈసారి వదినకి నెల తప్పిందని తెలిసిన రోజునే మెట్ల పైన పీట వేసుకుని కూర్చుంది. కూరలు తరిగినా అక్కడే, కునుకు తీసినా అక్కడే.

"నువ్వు దిగక్కర్లేదమ్మా. నీకేం కావాలో చెప్పు, అదే ఎక్కొస్తుంది," అనేది వదినతో.

నిజంగానే అన్నీ ఎక్కొచ్చేవి. అన్నం, వేణ్ణీళ్ళు, పాత పత్రికలు, నెలకోసారి వదిన బట్టల కుట్లు విప్పి వదులు చెయ్యడానికి అన్నయ్య. వదిన మాత్రం మంచం నుంచి తలుపు దాకా పదకొండు అడుగులు, తలుపు నుంచి మంచం దాకా పదకొండు అడుగులు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ. ఆ గోడ మీద పడే వాన చూసి రోజు ఎలా ఉందో చెప్పేది. నెలకోసారి క్లినిక్కి మాత్రం అన్నయ్యా అమ్మా చెరో పక్కన పట్టుకుని దింపేవాళ్ళు. వానలు మొదలయ్యాక అది కూడా ఆగిపోయింది. ఆగిపోవడానికి కారణం వాన కాదు, నేను.

నన్ను మంత్రసాని శిక్షణలో చేర్పించింది ఆ పోయిన కడుపే. నాకు కత్తిరింపు బల్లంటే ప్రాణం. నాన్న బతికున్నప్పుడు సుద్ద గీతల మీద కత్తెర నడిపింది నేను, అన్నయ్య కాదు. అయినా నాన్న పోయాక బల్ల అన్నయ్యకి వెళ్ళింది, శిక్షణ నాకు వచ్చింది. "ఇంట్లో ఒక్కరికైనా ఈ సంగతులు తెలిసుండాలి," అన్నాడు అన్నయ్య. ఆ ఒక్కరు ఎవరని నన్నెవరూ అడగలేదు. మొదటి రెండు వారాలు నేను మొహం గంటు పెట్టుకునే వెళ్ళాను. మూడో వారంలో ఒకావిడ పొట్ట మీద చేతులు వేస్తే, లోపలి నుంచి మడమో మోచెయ్యో నా అరచేతిని ఒక్క తోపు తోసింది. అంతే, బల్లని మర్చిపోయాను.

క్లినిక్కులో మాకు పాఠం చెప్పే ఆవిడని మేము వెచ్చచేతుల మేడమ్ అనేవాళ్ళం. ఎందుకంటే చేతులు రుద్ది వెచ్చ చేసుకోకుండా ఎవరినైనా ముట్టుకుంటే ఊరుకునేది కాదు.

"ముందు అడగండి. తర్వాత చూడండి. ఆ తర్వాతే చెయ్యి వెయ్యండి. వేసే ముందు రుద్దుకోండి. మీ చేతులు కప్పల్లా ఉంటే ఆవిడ పొట్ట బిగబట్టుకుంటుంది, మీకు లోపల ఏమీ తెలీదు," అనేది.

మొదటి ఏడంతా కడుపుతో ఉన్నవాళ్ళని చూసుకోవడమే మా చదువు. పురుళ్ళు పొయ్యడం రెండో ఏడు. తిండి ఎలా తింటున్నారో అడగడం, కాళ్ళ వాపు చూడడం, కింది కనురెప్ప లాగి రక్తం ఎంతుందో చూడడం, పొట్ట కొలవడం. కొలిచే రోజున మేడమ్ కాయితం టేపు చేతికిచ్చి చూపించింది. పొత్తికడుపు కింద ఎముక దగ్గర ఒక కొస. గర్భసంచి పైఅంచు దగ్గర ఇంకో కొస. అంకెలున్న వైపు కిందికి, ఖాళీ వైపు పైకి.

"ఎందుకు మేడమ్, తలకిందులుగా?" అన్నాను.

"ఆవిడకి ముప్పయ్యో వారమని నీకు ముందే తెలుసు. అంకెలు కనపడితే నీ వేలు ముప్పై దగ్గరే ఆగుతుంది. మనిషి కన్ను తనకి కావాల్సింది వెతుక్కుంటుందమ్మాయ్. అందుకే గుడ్డిగా కొలిచి, ఆఖర్న తిప్పి చూడాలి."

ఎన్నో వారమైతే సుమారు అన్ని సెంటీమీటర్లు. రెండు అటూ ఇటూ అయినా కంగారు లేదు. మూడు తగ్గిందంటే మాత్రం ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి. రేపనే మాట లేదు. ఇది చెప్పి, ఇంకొకటి కూడా చెప్పింది.

"ఈ తలుపు బయట మీరెవరూ ఎవరి మీదా చెయ్యి వెయ్యకూడదు. ఇంట్లో అక్కనీ, పక్కింటి పిన్నినీ చూశామని నాకు తెలిస్తే అదే మీ ఆఖరి రోజు. మిడిమిడి జ్ఞానం చాలా హాయిగా ఉంటుంది. అందుకే భయం."

ఆ సాయంత్రమే అమ్మ అడిగింది. "ఏం నేర్పారే ఇవాళ?"

పొట్ట కొలవడం అని చెప్పి నాలిక కరుచుకున్నాను.

"అయితే కొలువు మీ వదినకి."

"మేము బయట చెయ్యకూడదమ్మా. పైవాళ్ళు పక్కన ఉండాలి."

"ఇది బయటేంటే? ఇల్లు! నేను పక్కనే ఉన్నాను, నీ పైదాన్నేగా?" అని నవ్వింది. లేచి, రేకు పెట్టెలోంచి నాన్న టేపు తీసింది.

నాన్న పాతికేళ్ళు మెళ్ళో వేసుకున్న టేపు అది. ఒక వైపు అంకెలు అరిగిపోయి తెల్లగా అయింది. రెండో వైపు ఇంకా చక్కగా కనపడతాయి. ముందు కొసన ఉండే ఇనప బిళ్ళ వదులై బట్టల్ని పట్టేస్తోందని నాన్న ఎప్పుడో ఆ కొస కోసేసి, మడిచి కుట్టేశాడు. ఒక వైపు ఖాళీ, ఒక వైపు అంకెలు. మేడమ్ చెప్పిన పద్ధతికి దేవుడే పంపినట్టుంది. నా వేళ్ళు దాన్ని గుర్తుపట్టి మురిసిపోయాయి. చేతులు రుద్దుకున్నాను. వదిన మంచం మీద వెల్లకిలా పడుకుని, "చక్కిలిగింతలు పెట్టకు అమ్మాయీ," అంది.

అది ఇరవై ఆరో వారం. గుడ్డిగా కొలిచాను. తిప్పి చూస్తే ఇరవై ఏడు.

"ఒకటి ఎక్కువే!" అన్నాను.

అమ్మ మొహం చూడాలి అప్పుడు. కిందికి వంగి, "ఒరే, ఒకటి ఎక్కువేనట్రా!" అని అరిచింది. కింద మిషను ఆగింది. అన్నయ్య ఈలేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు డాక్టరమ్మ.

ఇరవై ఎనిమిదో వారానికి ఇరవై ఎనిమిది. ముప్పయ్యో వారానికి సరిగ్గా ముప్పై. వీధి కాలవ పొంగి మడమల దాకా నీళ్ళు వచ్చిన వారం క్లినిక్కి వెళ్ళాల్సిన రోజొచ్చింది. అన్నయ్య గొడుగు తీస్తుంటే అమ్మ ఆపింది.

"ఇంట్లోనే చూసేది ఉండగా ఈ వానలో ఆ జారుడు మెట్లమీద ఎందుకురా? అక్కడ మాత్రం ఏం చేస్తారు? ఇదే కొలుస్తారు."

అన్నయ్య నా వైపు చూశాడు. వదిన కూడా చూసింది. నేను వద్దనలేదు. అదే నిజం, ఎన్ని సాకులు చెప్పుకున్నా. క్లినిక్కులో నేను చేతులు కట్టుకుని చివర నిలబడే మొదటి ఏడాది పిల్లని. ఇంట్లో నేనొక మాటంటే మిషను ఆగుతోంది. "ఈసారికి పర్లేదులే," అన్నాను. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. మా ఇంట్లో పెరటి చెట్టు తప్ప వేరే మందు లేకుండా చేసింది నేనే.

*

ముప్పై మూడో వారంలో టేపు ముప్పై ఒకటి చూపించింది. రెండు తేడా, పర్లేదు. నోటుబుక్కులో రాసుకుంటుంటే వదిన లేచి కూర్చుని, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. తలుపవతల అమ్మ చిక్కుళ్ళు వలుస్తోంది.

"అమ్మాయీ, నన్నోసారి మీ మేడమ్ దగ్గరికి తీసుకెళ్తావా?"

"ఎందుకు వదినా? బాగానే ఉందిగా."

"నీ టేపు బాగుందంటోంది. కానీ మీ అన్నయ్య కుట్లు విప్పి నెల దాటింది."

"అంటే?"

"నాలుగో నెల నుంచి ప్రతి నెలా విప్పేవారు. పోయిన నెల విప్పిందే ఇంకా వదులుగా ఉంది." లోపలి మడత తీసి చూపించింది. ఇంకా విప్పడానికి వేలెడు గుడ్డ ఉంది, విప్పే పని పడలేదు. "ఇంకోటి. ఇదివరకు పొద్దున్నే ఒకటే తన్నుడు. ఇప్పుడు మధ్యాహ్నం దాకా నిద్రపోతోంది లోపల."

"పెరుగుతున్న కొద్దీ లోపల చోటు తగ్గిపోతుంది కదా. కదలడానికి ఉండదు," అన్నాను. ఇది నాకెవరూ నేర్పలేదు. క్లినిక్కు వరండాలో ఎవరో అంటుంటే విన్నాను.

"అంతేనంటావా?"

"అంతే."

వదిన నా మొహంలోకి కాసేపు చూసింది. ఆవిడకి ఇంకో దారి లేదు. తలుపు దగ్గర అత్తగారు, కిటికీ దగ్గర గోడ, మంచం పక్కన నేను. "సరేలే," అని మళ్ళీ పడుకుంది.

ఆ రోజు ఆవిణ్ణి తీసుకెళ్ళకపోవడానికి గర్వం ఒక్కటే కారణమని చెప్పుకుంటే అది కూడా నాకు మర్యాదే. భయం కూడా ఉంది. వదిన క్లినిక్కి వస్తే, నెలకి పైగా ఎందుకు రాలేదని మేడమ్ అడుగుతుంది. ఇంట్లో మా ఆడపడుచు చూస్తోందని వదిన చెబుతుంది. ఆ మడమ తోపు, ఆ వెచ్చ చేతులు, పాఠాలు చెప్పే ఆ పొడుగాటి గది, అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి. ఇంకా ఏడు వారాలు గడిస్తే పురుడు వచ్చేస్తుంది, నేనూ బయటపడతాను. వదిన ఆ గదిలో ఇరుక్కుంది. నేను ఆవిడ పొట్ట కొలతల్లో ఇరుక్కున్నాను.

రెండు రోజుల తర్వాత వాన కొంచెం తెరిపిచ్చింది. క్లినిక్కి సెలవు. నేను కొట్లో కూర్చుని బొత్తాలు ఏరుతున్నాను. ప్యాంటు కుట్టించుకోవడానికి ఒక బస్సు కండక్టరు వచ్చాడు. అన్నయ్య టేపు గుడ్డల కింద ఎక్కడో పోయింది. నా సంచీలోంచి నాన్న టేపు లాగి, కొలతల పుస్తకం నా మీదికి తోశాడు.

"డాక్టరమ్మా, రాసుకో. నడుం ఎనభై ఎనిమిది. రెండు తీసి రాయి."

ఎనభై ఆరు అని రాశాను.

"పొడవు నూట నాలుగు. రెండు తీసి రాయి."

నూట రెండు అని రాశాను. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఊపిరి తీసినంత అలవాటు అది. నాన్న చెప్పేవాడు, మేం రాసేవాళ్ళం. "తొడ అరవై ఒకటి. రెండు తీసి రాయి," అన్నాడు అన్నయ్య. యాభై తొమ్మిది అని రాయబోయి ఆగిపోయాను.

"రెండు తియ్యడం ఏంటండీ?" అని నవ్వాడు కండక్టరు. "నన్ను సన్నబెడుతున్నారా?"

"ఈ టేపు కొస మా నాన్న కోసేశాడండీ, రెండు సెంటీమీటర్లు. ఇది రెండు నుంచే మొదలవుతుంది. తియ్యకపోతే ఉన్నదానికన్నా రెండు ఎక్కువ చూపిస్తుంది. మీ ప్యాంటు మీకు నిలవదు," అన్నాడు అన్నయ్య. తర్వాత నాతో, "రాశావా?"

రాయలేదు. ఆ లెక్క కత్తిరింపు బల్లది. బల్ల దగ్గర కూర్చుంటే నా చెయ్యి దానంతటదే రెండు తీసేస్తుంది. పైగదిలో నేను బట్టలు కుట్టేవాళ్ళమ్మాయిని కాదు, డాక్టరమ్మని. నాన్న టేపుకి అక్కడ కూడా రెండు తియ్యాలని నా బుర్రకి ఒక్కసారి కూడా తట్టలేదు. ముప్పై ఒకటిలోంచి రెండు తీస్తే ఇరవై తొమ్మిది. ముప్పై మూడో వారం. నాలుగు తేడా.

"యాభై తొమ్మిది," అని రాసి, పుస్తకం మూసి, టేపు తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను.

పదమూడు మెట్లు ఎక్కే లోపల ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, తప్పు ఒప్పుకోవాలని కాదు ఆ ఉపాయం. ఒప్పుకోకుండా పని కానిచ్చుకోవాలని.

"అమ్మా, వాన తగ్గింది. వదినని ఓసారి క్లినిక్కి తీసుకెళ్దాం," అన్నాను.

అమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. "ఏం? ఏమైంది?"

"ఏం లేదు. ఊరికే. చూపిద్దామని."

"ఊరికేనా? ఈ మెట్లమీంచి, ఆ బురదలోంచి, ఊరికే? మొన్ననేగా అంతా బాగుందన్నావు?"

"బాగానే ఉంది..."

"బాగుంటే ఎందుకు? బాగోకపోతే చెప్పు."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏంటో నాకు ఆ మెట్టు మీదే తెలిసింది. బాగుందంటే తలుపు తెరుచుకోదు. బాగోలేదంటే నా పని అయిపోతుంది. ఆ తలుపుకి తాళం అమ్మ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అమ్మ పీట మీద కూర్చున్న ముసలిది, అంతే. తాళం నా నోటుబుక్కు.

లోపలికి వెళ్ళాను. వదిన కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఓసారి పడుకో వదినా."

"మొన్నేగా చూశావు?"

"మళ్ళీ చూస్తాను."

చేతులు రుద్దుకున్నాను కానీ వెచ్చబడలేదు. కొలిచాను. తిప్పి చూశాను. మళ్ళీ ముప్పై ఒకటి. ఇంకోసారి కొలిచాను. అంతే. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. "ఎంత?" అంది వదిన.

"ముప్పై ఒకటి," అన్నాను. అమ్మ ఊపిరి వదిలింది. వదిన కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మూసుకోవడమే నన్ను పట్టుకుంది. నమ్మి మూసుకోలేదు ఆవిడ, చెప్పీ చెప్పీ అలిసిపోయి మూసుకుంది.

"రెండు తియ్యాలి," అన్నాను. "నాన్న టేపు కదా. నేను తియ్యలేదు. మొదటి నుంచీ తియ్యలేదు. ఇరవై తొమ్మిదే. చాలా తక్కువ వదినా, బిడ్డ పెరగట్లేదు. ఇవాళే వెళ్ళాలి."

అమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఒకటి ఎక్కువని నీ నోటితోనే కదే చెప్పావు," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

వదిన లేచింది. కాళ్ళకి చెప్పులు దొరకలేదు, ఆరు వారాలుగా అవసరం పడితే కదా. మంచం కిందికి వంగి నేను వెతికిచ్చాను. తొడుక్కుని, కొంగు సర్దుకుని, అమ్మ ముందు నిలబడింది.

"అత్తయ్యా, నేను మెట్లు దిగుతున్నాను. మీరు తోడొస్తారా, ఇక్కడే ఉంటారా?"

పెళ్ళయిన నాలుగేళ్ళలో వదిన అమ్మతో అలా మాట్లాడడం నేను వినలేదు. అమ్మ కూడా వినలేదు. పీట కాలితో పక్కకి నెట్టి, "ఉండు, నేను ముందు దిగుతాను," అంది. తర్వాత అమ్మ చేసిన పని నేను బతికున్నంత కాలం మర్చిపోను. వదిన వైపు తిరిగి, ఒక చెయ్యి గోడకీ ఇంకో చెయ్యి తాడుకీ ఆనించి, వెనక్కి వెనక్కి, ఒక్కో మెట్టే దిగింది. వదిన జారితే తన మీదే పడాలని. అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, పదమూడు మెట్లూ వెనక్కే దిగింది. కింద అన్నయ్య కత్తెర పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వదిన వెనక ఆఖర్న నేను దిగాను.

*

మేడమ్ ముందు వదినని అడిగింది, చాలాసేపు. కుట్ల సంగతి వదిన చెబుతుంటే ఆసక్తిగా వంగి విని, లోపలి మడత తనే చేత్తో పట్టి చూసింది. మధ్యాహ్నం దాకా నిద్ర సంగతి కూడా విన్నది. తర్వాత కాయితం టేపుతో కొలిచింది. ఇరవై తొమ్మిది. చెక్క గొట్టం పొట్టకి ఆనించి, చెవి పెట్టి, గోడ మీది గడియారం చూస్తూ ఉండిపోయింది.

"ఉంది," అంది చివరికి. "గుండె కొట్టుకుంటోంది. పెద్దాసుపత్రికి ఇప్పుడే. నేను కూడా వస్తాను."

బండి కోసం వరండాలో నిలబడ్డప్పుడు నన్ను పక్కకి పిలిచింది.

"ఎవరు కొలిచారు ఇన్నాళ్ళూ?"

"నేనే మేడమ్."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

టేపు సంగతి చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "టేపు తప్పు చెబుతుంది. కొత్తవి కూడా సాగుతాయి. నేనది అడగట్లేదు. కుట్లు విప్పలేదని ఆవిడ చెప్పినప్పుడు నువ్వేం చేశావు?"

"చోటు తగ్గి కదలట్లేదని చెప్పాను."

"చోటు తగ్గితే తన్నే తీరు మారుతుంది, తన్నడం తగ్గదు. ఎవరు చెప్పారు నీకు?"

"వరండాలో ఎవరో అంటుంటే..."

మేడమ్ ఆ వరండా చివరిదాకా చూసింది. "ఈ విడతలో నువ్వు లేవు," అంది. "రేపటి నుంచి రాకు. వచ్చే ఏడు రావాలనుకుంటే మొదటి రోజు నుంచి రా, చివర నిలబడు. ఆఖరి రోజు అన్నాను కదా, ఆ మాట ఎందుకు తప్పుతున్నానో తెలుసా? నువ్వు నడిచొచ్చి చెప్పావు." బండి వచ్చింది. ఆవిడ ఎక్కింది. నాకు బండిలో చోటు లేదు.

పెద్దాసుపత్రిలో ఐదు రోజులు చూశారు. బిడ్డకి తల్లి నుంచి తిండి సరిగ్గా అందట్లేదన్నారు. లోపలుంటే ఎండిపోతుంది, బయటికి తీస్తే బతకొచ్చు అన్నారు. ముప్పై నాలుగో వారంలో ఆపరేషను చేసి తీశారు. ఆడపిల్ల. కిలో ఆరువందల యాభై. అద్దాల పెట్టెలో పెట్టారు. ఇంకో వారం ఆగి ఉంటే అని ఒక డాక్టరు మొదలుపెట్టి, అన్నయ్య మొహం చూసి, ఆ మాట పూర్తి చెయ్యలేదు. నేను మాత్రం రోజూ పూర్తి చేసుకునేదాన్ని.

వదిన ఆ రోజుల్లో నాతో మాట్లాడలేదు. కోపంగా మొహం తిప్పుకున్నదీ లేదు. నేను తెచ్చిన క్యారియరు అందుకునేది, ఖాళీది చేతికిచ్చేది. అద్దం మీద వేలు పెట్టి కూర్చునేది. నేను వరండాలో అటు చివర బల్ల మీద కూర్చుని, వెళ్ళమనే దాకా ఉండి, వెళ్ళమని ఎవరూ అనకపోతే చీకటి పడకముందే లేచి వచ్చేదాన్ని. ఇంట్లో బొత్తాలు ఏరడం తప్ప నాకు పని లేదు. కత్తిరింపు బల్ల దగ్గరికి రమ్మని అన్నయ్య పిలిచాడు ఒకసారి. వెళ్ళలేదు.

ఇరవై ఏడో రోజున పిల్లని ఇంటికి తెచ్చారు. వానలు వెనక్కి తగ్గాయి, వీధిలో బురద గట్టిపడుతోంది. అమ్మ పైగది కడిగి, మంచం మీద కొత్త దుప్పటి పరిచి, మెట్ల పైన పీట వేసి సిద్ధంగా ఉంది. వదిన మెట్ల కింద ఆగిపోయింది.

"నేను ఎక్కను," అంది.

"పైన అంతా సర్దానమ్మా," అంది అమ్మ పైనుంచి.

"మీరే కిందికి రండి అత్తయ్యా. పిల్ల ఇక్కడే ఉంటుంది, నేనూ ఇక్కడే ఉంటాను."

అన్నయ్య అమ్మ వైపు చూశాడు, వదిన వైపు చూశాడు, తర్వాత కత్తిరింపు బల్ల మీది గుడ్డలన్నీ రెండు చేతులా ఎత్తి మూలన పడేశాడు. బల్ల మీద బొంత పరిచాం. వీధి తలుపు తెరిచే ఉంది. పోయేవాళ్ళు తొంగి చూస్తున్నారు, ఎండ బల్ల సగం దాకా వచ్చింది. అమ్మ పీట పట్టుకుని మెట్లు దిగి వచ్చి గుమ్మం పక్కన వేసుకుంది. కూర్చోవడానికి ఏదో ఒక గుమ్మం ఉండాలి ఆవిడకి.

పిల్ల లేచి ఏడుపు అందుకుంది. ఎలక కూతంత ఏడుపు. అందరూ నా వైపు చూశారు. ఏళ్ళ అలవాటు కాదది, ఏడు వారాల అలవాటు, అయినా పోలేదు. అమ్మ ఆగలేకపోయింది.

"చూడవే ఓసారి. ఎందుకేడుస్తోంది? బాగానే ఉందా?"

నేను అక్కడి నుంచే, గోడకి ఆనుకునే, నోరు జారాను. "బాగానే ఉందిలే అమ్మా."

వదిన పిల్లని భుజాన వేసుకుని, తల ఎత్తి, నెల రోజుల తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"రెండు తీసే చెబుతున్నావా?" అంది.

అన్నయ్య దగ్గాడు. అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన మాత్రం నవ్వట్లేదు. వేళాకోళమా, నిష్ఠూరమా, పోనీలే అనడమా నాకు తెలియలేదు. మూడూ అయ్యుండొచ్చు. చేతులు రుద్దుకున్నాను. చాలాసేపు, అరచేతులు మండేదాకా రుద్దుకున్నాను. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, పిల్లని ముట్టుకోకుండా, వదిన పక్కన కింద కూర్చున్నాను.

"లేదు వదినా. ఇంకా చూళ్ళేదు," అన్నాను. "ముందు నువ్వు చెప్పు."